సేటు కారుకు కొత్త మెదడు

ఆగస్టు 27, 2011, శనివారం

ఇవాళ ఉస్తాద్ నన్ను మొదటిసారి మెచ్చుకున్నాడు.

ఇది 2009 డైరీ. ఎరువుల కంపెనీ వాళ్లు పంచితే మార్కెట్ యార్డు నుంచి బాపు తెచ్చాడు. పేజీ మీద అచ్చయిన వారం తప్పు, నేను రాసిన వారమే సరైనది. దీన్ని దాచాల్సిన పని కూడా లేదు. మా ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే. అవ్వ అప్పుడప్పుడు తిరగేసి "మస్తు రాసినవే" అంటుంది, తలకిందులుగా పట్టుకుని.

సోమేశ్వర్ సేటు తెల్ల కారు షెడ్డుకు వచ్చింది. వాళ్ల నాన్న ఇరవై రెండేళ్ల కింద బొంబాయిలో కొన్న జపాన్ కారు. టర్బో ఉంది. అంటే పొగతో తిరిగే చిన్న చక్రం ఒకటి ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోస్తుంది, అప్పుడు కారు ఈల వేస్తుంది. ఇన్నాళ్లూ హైదరాబాద్ మెకానిక్ తప్ప ఎవరూ దాన్ని ముట్టలేదట. జనగామలో ముట్టింది సోమ్లా ఉస్తాద్. ఉస్తాద్ తర్వాత నేను.

నీళ్ల పైపు కారుతుంటే మార్చాం. పైపు విప్పగానే ఉస్తాద్ చెప్పకముందే నేను థర్మోస్టాట్ తీసేశాను. అరచేతిలో పట్టేంత ఇత్తడి బిళ్ల అది.

"చూడుండ్రి, చెప్పకముందే తీసింది!" అన్నాడు ఉస్తాద్, షెడ్డులో ఎవరూ లేకపోయినా. "మనదేమన్న మంచు దేశమా? గీ బిళ్లతోని మనకేం పని? నీళ్లు ఫ్రీగ తిరగాలె, ఇంజిన్ సల్లగుండాలె. చెయ్యి తిరుగుతున్నది బిడ్డా నీకు."

బిళ్ల జేబులోనే ఉండిపోయింది. అవ్వ బట్టలు ఉతకబోయి తీసింది. "ఇత్తడిదే" అని చింతపండు పెట్టి తోమింది.

చెయ్యి తిరుగుతున్నదట నాకు.

సెప్టెంబర్ 1, గురువారం

కారు మళ్లీ వచ్చింది. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. దానికి తోడు లోపల చేపల వాసన.

సేటు తల్లి లక్ష్మీకాంతమ్మగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక సీట్లోంచి దిగారు. వాళ్లింట్లో ఉల్లిగడ్డే వారానికి రెండు రోజులు నిషేధం.

"సోమూ, నిజం చెప్పు. మహబూబాబాద్ పోయినప్పుడు చేపల కూర తిన్నవా లేదా?"

"నీ మీద ఒట్టు అమ్మా!"

"నా మీదెందుకు? నీ మీదేస్కో."

సేటు వేసుకోలేదు. అది నేను గమనించాను, లక్ష్మీకాంతమ్మగారూ గమనించారు.

వాసన ఎక్కడిదో వెతికితే కాళ్ల దగ్గర తివాచీ కింద ఒక డబ్బా దొరికింది. ఇంజిన్‌కు ఎంత పెట్రోలు పోయాలో, నిప్పు ఎప్పుడు రాజేయాలో చెప్పే కంప్యూటర్ అది. మూత తీస్తే కెపాసిటర్లు పగిలి, లోపలి రసం కారి, బోర్డు మీది రాగి గీతలను తినేసింది. ఆ రసానిదే చేపల వాసన. నా డిప్లొమా ఎలక్ట్రానిక్స్ కదా, వివరంగా చెప్పాను.

"విన్నవా అమ్మా?" అన్నాడు సేటు, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

"ఈసారికి విన్న" అన్నారామె.

సెప్టెంబర్ 3, శనివారం

పాత డబ్బా ఇక దొరకదు. ఉస్తాద్ మాట: "పీకి పారేసి కార్బురేటర్ పెడుదాం. కంప్యూటర్ కంటె నా చెవి నయం."

కార్బురేటర్ పెడితే టర్బో తీసేయాలి, ఈల పోతుంది. లక్ష్మీకాంతమ్మగారు ఒప్పుకోలేదు. "మా ఆయన బజారు మూల మలిగితె ఈల ఇనవడేది. అది ఇని నేను చారు పొయ్యి మీద పెట్టేది. దసరా నాడు గా ఈలతోనే జమ్మి కాడికి పోవాలె."

అప్పుడు నా నోరు తెరుచుకుంది. మనమే ప్రోగ్రాం రాసుకునే కొత్త కంప్యూటర్ బెంగళూరులో దొరుకుతుందని, దాన్ని నేను బిగిస్తానని చెప్పాను. "మా కాలేజీల గిసొంటివి చేసినం" అన్నాను.

అబద్ధం కాదు. పాలిటెక్నిక్ ల్యాబులో అద్దాల పెట్టెలో సగానికి కోసిన ఇంజిన్ ఉండేది. తాళం హెచ్ఓడీ దగ్గర ఉండేది. మేము అద్దం బయటి నుంచి చేశాం. చేసినట్టే.

ఉస్తాద్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. దసరా నాడు గీ కారు తన కాళ్ల మీద తను జమ్మి కాడికి పోతె, బోర్డు మీద నా పేరు కింద నీ పేరు. పోకపోతె కార్బురేటర్."

కార్బురేటర్ అంటే నేను ఇక్కడ ఉండనని అర్థం. బాపు కూడా దసరా దాకానే గడువిచ్చాడు. ఆ తర్వాత లింగాల ఘనపూర్ రైస్ మిల్లులో కంప్యూటర్ ముందు కూర్చోవాలి. "ఏసీ గూడ ఉంటదట" అంటాడు, ఏసీ అదేదో దేవుడైనట్టు.

నాకు భయం లేదు.

సెప్టెంబర్ 11, ఆదివారం

పార్సిల్ వచ్చింది. బిస్కెట్ పాకెట్ అంత డబ్బా. వైర్లు యాభై రెండు. నాకు భయం లేదు.

సెప్టెంబర్ 13, మంగళవారం

సకల జనుల సమ్మె మొదలైంది. భూపాలపల్లి బాయిల్లో బొగ్గు తీయడం ఆపేశారట. కరెంటు

సెప్టెంబర్ 14, బుధవారం

పోయింది అని రాయబోయాను నిన్న.

సెప్టెంబర్ 17, శనివారం

కరెంటు ఎప్పుడుంటే అప్పుడు అతుకులు వేస్తున్నాను. ప్రతి వైరుకూ దవాఖానలో వాడే తెల్ల పట్టీ అంటించి పేరు రాశాను: గాలి, నీళ్ల వేడి, పెడల్, నిప్పు. ఉస్తాద్ వంగి చూసి "గిదేంది, దెబ్బలు తాకినట్టు కట్లు కట్టినవ్?" అన్నాడు.

సేటు బయట నంబరు ప్లేటు మీద ఏపీ తీయించి టీజీ రాయించుకున్నాడు. ఊళ్లో అందరూ రాయించుకుంటున్నారు. "మీది పది నిమిషాల పని" అన్నాను కొంచెం అసూయతో.

సెప్టెంబర్ 21, బుధవారం

స్టార్ట్ అయింది! స్టార్ట్ అయింది! స్టార్ట్ అయింది!

సేటు కొడుకు ఇచ్చిన లాప్‌టాప్‌లో అంకెలు సరిచేస్తూ రెండు గంటలు షెడ్డులోనే నడిపాను. గడియారం లాగా నడిచింది. ఉస్తాద్ బానెట్ మీద చెవి పెట్టి విని, ఛాయ్ తెప్పించాడు. నాకు కూడా.

సెప్టెంబర్ 24, శనివారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది రాస్తాను.

ఉస్తాద్ నడుపుతున్నాడు, నేను పక్కన లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాను. లక్ష్మీకాంతమ్మగారిని ఎవరూ పిలవలేదు, వెనక కూర్చుని ఉన్నారు. రెండు కిలోమీటర్లు పోయేసరికి ఇంజిన్ దగ్గడం మొదలుపెట్టింది. వెనక నల్లటి పొగ. వెనక్కి తిప్పి చౌరస్తాకు వచ్చేసరికి మా వెనక రోడ్డు కనిపించలేదు.

చౌరస్తాలో రాస్తారోకో. టైర్లు కాలుస్తున్నారు. మా పొగ చూసి ఒక్కసారిగా చప్పట్లు, "జై తెలంగాణ!"

జెండా పట్టుకున్నాయన పరుగెత్తుకొచ్చాడు. "టైర్లు అనవసరంగ కాలవెడుతున్నం గదనే! గీ బండిని ఈడ నిలబెడితె సాలు!"

నిలబెట్టాల్సిన అవసరం లేకుండా అదే నిలబడిపోయింది. ప్లగ్గులన్నీ మసి. నినాదాలిస్తూ ఇరవై మంది షెడ్డు దాకా తోశారు. లక్ష్మీకాంతమ్మగారు కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నారు. దించాక ఆ జెండాయన నాతో అన్నాడు: "పాతది పీకి కొత్తది పెట్టుకున్నరు, మంచిదే చెల్లే. కని కొత్తది నడువాలె గదా?"

ఉస్తాద్ గోడకు తగిలించిన పాత కార్బురేటర్ దించి దుమ్ము దులిపాడు. ఆ దులపడమే నాకు చెప్పిన మాట.

సెప్టెంబర్ 25, ఆదివారం

ప్లగ్గులు కడిగాను. షెడ్డులో గంట నడిపాను. పొగ లేదు. కాబట్టి తప్పు నాది కాదు.

సెప్టెంబర్ 26, సోమవారం

మళ్లీ రోడ్డెక్కించాం. పొగ. యాభై రెండు వైర్లూ మళ్లీ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పెట్రోలు ఎక్కువ పోస్తోంది, అంతవరకు తెలుసు. ఎందుకు పోస్తోందో తెలియదు. లాప్‌టాప్‌లో మిగతావన్నీ బాగున్నాయి. రోడ్డు మీద నీళ్ల వేడి యాభై డిగ్రీలకు మించడమే లేదు, ఇంజిన్ చాలా చల్లగా ఉంది. కనీసం ఆ విషయంలో ఉస్తాద్ సంతోషించాడు.

తప్పు నాది కాదు.

సెప్టెంబర్ 27, మంగళవారం

ఎంగిలిపూల బతుకమ్మ. అవ్వ వాకిట్లో బతుకమ్మ పెట్టి, ముందు ఆ తోమిన ఇత్తడి బిళ్ల పెట్టి, దాని సందులో ఊదుబత్తి గుచ్చింది. "సూడు ఎంత ముద్దుగున్నదో, దీనికోసమే చేసినట్టుంది" అంది. ఔను అన్నాను. నా ధ్యాస పొగ మీద ఉంది.

సెప్టెంబర్ 29, గురువారం

షెడ్డులో బాగుంది. రోడ్డు మీద పొగ.

సెప్టెంబర్ 30, శుక్రవారం

షెడ్డులో బాగుంది. రోడ్డు మీద పొగ. ఈ కారును నడపకుండా ఉంటే దీనంత మంచి కారు లేదు.

బాపు అడిగాడు, రైస్ మిల్లు వాళ్లకు ఏం చెప్పాలని. దసరా ఇంకా కాలేదని చెప్పమన్నాను.

అక్టోబర్ 1, శనివారం

ఇవాళ హైవే మీద వంటావార్పు. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వండుకు తినడమే నిరసన. బండ్లన్నీ బంద్, అంటే ఖాళీ రోడ్డు. కానీ మన బండినీ పోనివ్వరు కదా. లక్ష్మీకాంతమ్మగారే దారి చూపించారు. "వంటకు బియ్యం తీస్కపోయే బండిని ఎవలాపుతరు?" అని డిక్కీలో బస్తా వేయించారు.

ఎవరూ ఆపలేదు. జెండా ఊపి పంపారు. ఊరు దాటి చుట్టు తిరిగి వచ్చేసరికి యథాప్రకారం పొగ. పొయ్యిల దగ్గర ఆపాం. ఆపేస్తే మళ్లీ స్టార్ట్ కాదేమోనని ఇంజిన్ నడుస్తూనే ఉంచాను.

పెద్ద డేగిసా ముందు ఎల్లక్క గరిటె పట్టుకుని తిడుతోంది. మార్కెట్లో కూరగాయలు అమ్మే ఎల్లక్క తిట్టడం కొత్త కాదు, కానీ ఇవాళ గాలిని తిడుతోంది.

"గంటసేపాయె, ఎసరు మసలతలేదు! గీ పాడు గాలి కొడుతుంటె పొద్దుమీకిదాక ఉడుకది. ఏదన్న అడ్డం పెట్టుండ్రి!" మా కారు కనిపించింది. "ఓ సోమ్లన్నా! గా పొగబండిని గిట్ల అడ్డం పెట్టు. దేనికన్న అక్కరకొస్తది."

ఉస్తాద్ మొహం మాడింది. అయినా పెట్టాడు. గాలికి అడ్డంగా కారు, కారు చాటున పొయ్యి.

నేను లోపల లాప్‌టాప్ చూస్తూ కూర్చున్నాను. నిజానికి ఏడుపు ఆపుకుంటూ కూర్చున్నాను. నీళ్ల వేడి నలభై ఎనిమిది. పది నిమిషాలకు అరవై ఐదు. తర్వాత ఎనభై. పొగ దానంతట అదే ఆగిపోయింది.

అప్పుడే కిటికీ పక్కన ఎల్లక్క అరిచింది: "మసలిందే! ఎసరు మసలింది!"

నేను డేగిసా వైపు చూశాను. అంకె వైపు చూశాను. మళ్లీ డేగిసా వైపు చూశాను.

గాలి. రోడ్డెక్కితే ముందు నుంచి గాలి కొట్టి రేడియేటర్ నీళ్లు చల్లబడుతున్నాయి. ఇంజిన్ ఎప్పటికీ వేడెక్కడం లేదు. అది ఇంకా తెల్లవారుజామున చలిలో స్టార్ట్ చేసినట్టే ఉంది అనుకుని, చల్లటి ఇంజిన్‌కు కావలసినంత ఎక్కువ పెట్రోలు కంప్యూటర్ పాపం పోస్తూనే ఉంది. షెడ్డులో గాలి లేదు, వేడెక్కింది, బాగుంది.

మరి ఇరవై రెండేళ్లు రోడ్డు మీద ఎలా వేడెక్కింది?

అన్నం బాగుంది. తినబుద్ధి కాలేదు. ఎందుకో తెలియదు.

అక్టోబర్ 2, ఆదివారం

ఎందుకో తెలుసు. నిన్ననే తెలుసు.

ఆగస్టు 27 పేజీ తీశాను. "ఇవాళ ఉస్తాద్ నన్ను మొదటిసారి మెచ్చుకున్నాడు" అని ఉంది. దాని కింద మిగతాది కూడా ఉంది.

ఇంజిన్ వేడెక్కే దాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపేదే థర్మోస్టాట్. దాన్ని తీసింది నేనే. చెప్పకముందే తీశాను.

కొత్తది తేవాలంటే బస్సులు లేవు, ఉన్నా ఈ కారుది దొరకదు. ప్రపంచంలో నాకు అందుబాటులో ఉన్నది ఒక్కటే. అది బతుకమ్మ ముందు ఊదుబత్తి మోస్తోంది.

"అవ్వా, గా బిళ్ల నాకియ్యి."

"దేవుని కాడ పెట్టింది ఎట్లిస్తనే? సద్దుల బతుకమ్మ దాక కదపొద్దు."

"సద్దులయినంక ఇస్తవా?"

"అయినంక బతుకమ్మతోని చెరువుల సాగనంపుత. మొక్కుకున్న."

"ఏమని మొక్కుకున్నవ్?"

"నువ్వు చేసే గా కారు నడువాలెనని."

అక్టోబర్ 3, సోమవారం

రాత్రంతా ఆలోచించి పొద్దున ఒకే మాట అడిగాను. "ఇయ్యకు. నీ చేత్తోనే ఒక్కసారి ఎసట్ల వెయ్యి. అంతే."

"దేవుని బిళ్లను ఎసట్లనా?"

"సల్లగున్నప్పుడు అది నోరు మూసుకుంటది. నీళ్లు మసిలితె ఏం చేస్తదో సూడు."

చూడాలని ఉంటుంది అవ్వకు, ఏదైనా. దారం కట్టి కుండలోకి దించింది. ఇద్దరం తలలు ఆనించి వంగాం. నీళ్లు వేడెక్కాయి. అడుగున బుడగలు లేచాయి. బిళ్ల మధ్యలో సన్నటి గీతలా తెరుచుకుంది, తర్వాత ఇంకొంచెం, తర్వాత పూర్తిగా.

"అగో!" అవ్వ నా భుజం గట్టిగా పట్టుకుంది. "నోరు తెరిసింది! పువ్వు లెక్క ఇచ్చుకున్నదే!"

పైకి తీస్తే మెల్లగా మూసుకుంది. మళ్లీ దించింది. మళ్లీ తెరుచుకుంది. ఏడుసార్లు చేసింది అవ్వ. అన్నం ఆలస్యమైంది.

"దీనికి పాణమున్నది" అంది చివరికి. "కారుల గిది యాడుంటది?"

"నీళ్లల్లనే అవ్వా. పొద్దుమాపు నీళ్లల్లనే."

"గట్లయితె నీళ్లల కలిపినట్టే. మొక్కు తీరినట్టే. తీస్కపో." గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అరిచింది: "మరి రేపు సద్దులకు ఊదుబత్తి దేంట్ల గుచ్చాలె?"

అక్టోబర్ 4, మంగళవారం

బిగించే ముందు ఉస్తాద్‌తో చెప్పాను. చెప్పకుండా బిగించవచ్చు. అది కూడా ఆలోచించాను, రాస్తున్నాను.

"గీ పొగ నా తప్పు ఉస్తాద్. థర్మోస్టాట్ నేనే తీసిన."

"నేను చెప్పిన్నా తియ్యమని?"

"చెప్పలే."

"మరెందుకు తీసినవ్?"

"మీరు అన్ని బండ్లకు తీస్తుంటె సూసిన."

ఉస్తాద్ ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు. అలమారా మీద పాత పౌడర్ డబ్బా ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ముప్పై ఏళ్లుగా తీసిన బిళ్లలు. ఇద్దరం దాని వైపు చూడలేదు.

"గాలి తాకితె ఇంజిన్ సల్లవడుతదని నాకు తెల్వదా?" అన్నాడు చివరికి. "తెలుసు. సల్లవడుడే మంచిదనుకున్న. పాత బండ్లు నోరు మూసుకుని నడిచినయి. గీ కంప్యూటర్ చాడీలు చెప్తది." తర్వాత బిళ్ల నా చేతిలోంచి తీసుకుని, ఊదుబత్తి బూడిద ఊది, తనే బిగించాడు.

పది కిలోమీటర్లు పోయాం. ఎనభై ఐదు. ఎనభై ఆరు. ఎనభై ఐదు. పొగ లేదు. ఉస్తాద్ కాలు నొక్కాడు, కారు వెనక నుంచి తోసినట్టు ముందుకు దూకింది, ఈల వేసింది.

బజారు మూల తిరగగానే లక్ష్మీకాంతమ్మగారు మెట్ల మీద నిలబడి ఉన్నారు, చేతికి పిండితో. లోపలికి వెళ్లి సేటుతో అంటుంటే వినబడింది: "చారు పెడుతున్న."

సాయంత్రం పౌడర్ డబ్బా పట్టుకుని ఉస్తాద్ మా ఇంటికి వచ్చాడు. "ఏరుకో అవ్వా." అవ్వ ఒక్కొక్కటే ఎసట్లో వేసి, తెరుచుకున్నవి పక్కకు పెట్టింది. "గివి పాణమున్నయి, బండ్లకు పెట్టుకో." తెరుచుకోనివాటిలో ఒకటి ఊదుబత్తికి తీసుకుంది.

అక్టోబర్ 5, బుధవారం

ఆయుధ పూజ. పానాలకు, జాకీకి, లాప్‌టాప్‌కు బొట్లు. ఎంటర్ మీట పసుపుకు అతుక్కుపోయింది. ఉస్తాద్ కారు పాత కంప్యూటర్ డబ్బాను కూడా వరుసలో పెట్టబోతే లక్ష్మీకాంతమ్మగారు "నీసు డబ్బ దేవుని ముంగటనా!" అని తీయించారు.

అక్టోబర్ 6, గురువారం. దసరా

పోయింది. తన కాళ్ల మీద తను.

చౌరస్తాలో జెండాయన ఆశగా ఎదురొచ్చాడు. కారు చుట్టూ తిరిగి చూసి, "పొగేదే?" అన్నాడు.

"బందయింది అన్నా."

"అరెరె. సమ్మె ఇంకా అయిపోలే గదా!"

వెనక నుంచి లక్ష్మీకాంతమ్మగారు: "సోమూ, ఇంక జర తొక్కు."

జమ్మి దగ్గర బాపు ఉన్నాడు. జమ్మి ఆకు నా చేతిలో పెట్టాడు. నేను కాళ్లు మొక్కి లేచేసరికి కారు వైపే చూస్తున్నాడు. "గా ఈలేసేది నువ్వు చేసిందేనా?"

"ఈల దానిదే బాపు. పొగ నాది. పొగ బందు చేసిన."

బాపుకు అర్థం కాలేదు. అయినా తలూపాడు. "మిల్లోళ్లకు రాదని చెప్త" అన్నాడు. కారు వైపు మళ్లీ చూసి, "ఏసీ ఉంటుండె గని" అన్నాడు.

అక్టోబర్ 10, సోమవారం

పెయింటర్ దొరకడం లేదు. జిల్లాలో పెయింటర్లందరూ గోడల మీద నినాదాలు రాయడానికే సరిపోతున్నారు. ఉస్తాద్ తెల్ల రంగు డబ్బా నా ముందు పెట్టాడు. "నాకు రాదు బిడ్డా, నీ పేరు నువ్వే రాసుకో." రాసుకున్నాను. బ్రష్ మూడుసార్లు జారింది.

మధ్యాహ్నం దంతాలపల్లి నుంచి ఒక జీపు వచ్చింది. నీళ్ల పైపు మార్చాలి. ఉస్తాద్ పైపు విప్పాడు, చెయ్యి దానంతట అదే బిళ్ల మీదికి పోయింది. తీశాడు కూడా. నా వైపు చూశాడు.

"తుడుస్తున్న" అన్నాడు. తుడిచి బిగించాడు.

పొద్దుగూకే ముందు అవ్వను తీసుకొచ్చి బోర్డు కింద నిలబెట్టాను.

"ఏదే నీది?"

"గిది. కిందిది."

"మీ ఉస్తాద్‌ది?"

"గా పైన. పెద్దగున్నది."

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని చాలాసేపు చూసింది. వేలితో గాలిలో నా పేరు మీద గీత గీసింది, ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు.

"నీది ఇంకా తడిగున్నది" అంది. "ముట్టకు. ఎండనియ్యి."